అక్క రాసిన ‘ఆ’

మొన్న మంగళవారం నాలుగో నంబరు కుర్చీలో వెనక్కి వాలి పడుకుని నేనొక ఆవులింత ఆవులించాను. ఆ రోజు ఎందుకో ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు. నోరు పూర్తిగా మూయకముందే, అవతల ఫోన్లో మాట్లాడుతున్న టెక్నీషియన్ ఫోన్ బల్ల మీద పడేసి వచ్చింది. పలకరించలేదు. మిషన్ వైపు చూడలేదు. గోడకున్న పెద్ద తెర వైపు అసలే చూడలేదు. దుప్పట్లోంచి నా కుడి పాదం బయటికి లాగి, బొటనవేలితో అరికాలు నొక్కింది. నా ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. కుర్చీకి వేలాడే నా కాగితం మీద ఒక్క అక్షరం రాసి వెళ్లిపోయింది.

ఆ నొక్కుడు నాకు తెలుసు. అది ఈ పిల్లది కాదు. దాని సొంతదారు పోయి రెండు నెలలైంది.

అంత్యక్రియలకు నేను వెళ్లలేదు. ఆ రోజు నాకు డయాలిసిస్. కుర్చీ ఎగ్గొట్టి వెళితే ఆవిడ శవపెట్టెలోంచి లేచి మరీ తిట్టేది.

అందరూ ఆవిడను అక్క అనేవారు. డెబ్బై ఏళ్ల ముసలాళ్లూ అక్కే అనేవారు, డాక్టరుగారూ అక్కే అనేవారు. మలక్‌పేటలో మెయిన్ రోడ్డు మీద, కింద ఇరానీ హోటలూ పైన ఎనిమిది కుర్చీలూ ఉన్న ఈ డయాలిసిస్ సెంటరులో ఆవిడ హెడ్ సిస్టరు. ఇల్లు బహదూర్‌పురా, జూ గోడకు దగ్గర్లో. “పొద్దుగాల నాకు అలారం ఎందుకు సారూ, సింహమే లేపుతది” అనేది. మనిషి పొట్టి. కొప్పులో పెన్ను. ఆ పెన్ను వెతుక్కుంటూ రోజుకు నాలుగుసార్లు అందరినీ అనుమానించేది.

తలుపు దగ్గర నిలబడి మనిషి ముఖం చూసి బీపీ చెప్పేసేది ఆవిడ. అంకెతో సహా!

సరే, అంకెతో కాదు. తలుపు దగ్గర నుంచీ కాదు. రెండు కుర్చీల దూరంలోంచి “వీనికి పడిపోతంది” అనేది, అంతే. కానీ పడిపోయేది.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. కిడ్నీలు మూలపడ్డవాడి ఒంట్లో నీళ్లు నిలిచిపోతాయి. వారానికి మూడుసార్లు, పూటకు నాలుగేసి గంటలు, మిషన్ వాడి రక్తాన్ని కడిగి ఆ నీటిని లాగేస్తుంది. ఇక్కడ దాన్ని ‘నీళ్లు గుంజుడు’ అంటారు. నెమ్మదిగా గుంజితే మనిషి లేచి నడిచి వెళతాడు. తొందరగా గుంజితే బీపీ ధనాలున పడిపోతుంది. ఆ పడడానికీ మనిషి పోవడానికీ మధ్య ఉండే వ్యవధి ఎంతో అక్కకు తెలుసు. మనకు తెలియదు.

ఐదేళ్ల కిందట నేనిక్కడికి వచ్చింది రోగిగా కాదు, మేధావిగా. డ్రాయింగ్ బ్రాంచిలో ముప్ఫయి ఏళ్లు డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాను. మా ఆఫీసు వార్షిక నివేదికల్లో రంగురంగుల గ్రాఫులన్నీ నా చేతివే. మా మేనల్లుడు సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టి, ఈ సెంటరులో ఎనిమిది కుర్చీల బీపీలూ గోడ మీద ఒకే తెరపై కనిపించేలా చేస్తానని డాక్టరుగారికి మాటిచ్చాడు. “మామయ్యా, నంబర్ల సంగతి నేను చూసుకుంటాను. చూడ్డానికి అందంగా ఉండాలి. అది నీ పని” అన్నాడు.

ఆ తెర తయారు చేయడానికి మూడు నెలలు ఇక్కడ కూర్చుని, ఆవిడ పనిని అణువణువూ పరిశీలించాను.

మూడు నెలలు కాదు, మూడు రోజులు. అందులో రెండు రోజులు కింద ఇరానీ హోటల్లో కూర్చున్నాను. ఉస్మానియా బిస్కట్లు బాగుంటాయి. పైన స్పిరిటు వాసన.

పైకెక్కిన ఒక్క రోజూ నోటుబుక్కు తెరిచి, ఆవిడను మర్యాదగానే అడిగాను. “చెప్పండమ్మా, మీ అవసరాలు ఏమిటి?”

ఆవిడ చేతిలో సూది ఉంది. తలెత్తలేదు. “నాకు కుర్చీ కావాలె సారూ. పొద్దటి సంది నిలవడి పిక్కలు గుంజుతున్నయ్.”

“అది కాదమ్మా. తెర మీద. రంగులవీ... ఎరుపు ఎక్కడ ఉండాలి, పచ్చ ఎక్కడ ఉండాలి...”

“రంగులు నాకెందుకు? నేనేమన్న పండుగకొచ్చిన్నా?”

నా నోటుబుక్కులో ఆ రోజు రాసుకున్న మాట ఇప్పటికీ ఉంది: ‘అవసరాలు: ఏమీ లేవు.’

నిజానికి ఆవిడ అవసరాలన్నీ నా ఎదుటే, ప్రతి కుర్చీకీ వేలాడుతున్నాయి. అక్క కాగితాలు. పావుగంటకొకసారి బీపీ రాసేది. అదేమిటో, అంకెలు ఒకే వరసలో ఉండేవి కావు. ఒకటి పైకి, ఒకటి కిందికి జారి, చీమలు గోడెక్కి దిగినట్టు ఉండేవి. మధ్యలో ఒంటి అక్షరాలు. కొన్ని కాగితాలకు ఎడమ మూల మడిచి ఉండేది. డ్రాఫ్ట్స్‌మన్ కళ్లకు అది ఒట్టి పిచ్చి రాత. ఈవిడకు వరస తిన్నగా రాయడం కూడా రాదు పాపం అనుకున్నాను. మూల మడత నలుగుడు అనుకున్నాను. అక్షరాల్లో ఎక్కువగా కనిపించేది ‘ఆ’.

“మామయ్యా, ఈ ‘ఆ’ ఏమిటి?” అన్నాడు మేనల్లుడు.

అడగవలసిన మనిషి పది అడుగుల దూరంలో ఉంది. నేను అడగలేదు. మాది గుంటూరు వైపు. తెలుగు మాకు తెలియకపోవడమేమిటి? “ఆహారం! పేషెంటు ఆహారం తీసుకున్నాడని” అన్నాను.

మేనల్లుడు బటనొకటి పెట్టి, దాని మీద ‘ఆ’ అని రాయించాడు. నొక్కితే తెర మీద ఆ కుర్చీ నంబరు పక్కన చిన్న పచ్చ పళ్లెం బొమ్మ వస్తుంది. పళ్లెం బొమ్మ గీసింది నేనే. అంచు చుట్టూ చుక్కలు కూడా పెట్టాను.

ఇంకో ఘనకార్యమూ చేశాను. బీపీ గీత ఎగుడుదిగుడుగా, రంపం పళ్లలా వస్తోంది. నాకు చిరాకు. డ్రాయింగ్ బోర్డు మీద ఫ్రెంచ్ కర్వుతో నున్నటి వంపులు గీసిన చెయ్యి ఇది. “చివరి మూడు రీడింగుల సగటు తీసి గీయించు, నున్నగా వస్తుంది. అంకెలు తీసేయ్, గందరగోళం” అన్నాను. వచ్చింది. ఎంత అందంగా వచ్చిందంటే, పట్టుచీర అంచులా ఉంది. ఇంత తెర ఉండగా మిషన్ల కూతలు ఎందుకని వాటి శబ్దమూ తగ్గించమన్నాను.

తెర బిగించిన శనివారం డాక్టరుగారు అందరినీ పిలిచి, “అక్కా, సోమవారం నుంచి కాగితం బంద్” అన్నారు.

అక్క తెర వంక చాలాసేపు చూసింది. “మస్తుగుంది సారూ” అంది నాతో. నేను ఉప్పొంగాను. ఆ తర్వాత అంది, “ఇప్పుడెంత ఉన్నదో మిషన్ చెప్తనే ఉంటది. పోయినపాలి గీ మనిషికి గీ టైముకు ఎంత ఉండె? గది యాడుంది?”

“పాతవెందుకమ్మా, తెర నిండిపోతుంది.”

“నాకు గదే కావాలె.”

“ముందు అలవాటు చేసుకోండి” అన్నాను, చిన్నపిల్లకు చెప్పినట్టు.

ఆవిడ కొప్పులో పెన్ను తడిమి చూసుకుంది. “బంద్ అంటే బంద్. గని నా పెన్ను నా దగ్గర్నే ఉంటది.”

సోమవారం. నాలుగో కుర్చీలో గాజుల భాయ్. చార్మినార్ దగ్గర ఆయనకు గాజుల దుకాణం. మా స్నేహం నలభై ఏళ్ల నాటిది, మా ఆవిడ సీమంతానికి గాజులు తెచ్చింది ఆయన దగ్గరే. మనిషి నోరు మూయగా ఎవరూ చూడలేదు. పొద్దున బరువు చూసే దగ్గరే అక్కతో లొల్లి.

“మూడున్నర కిలోలు పెరిగినవ్ భాయ్. నిన్న దావత్‌కు పోయినవా?”

“కసమ్ సే అక్కా, సిర్ఫ్ ఏక్ చాయ్!”

“ఒక్క చాయ్ మూడున్నర కిలోలుంటదా? కప్పు కూడ మింగినవా?”

గది అంతా నవ్వు. ఆ నవ్వులోనే నేను డాక్టరుగారికి తెర గొప్పతనం వివరించడం మొదలుపెట్టాను. కింద నుంచి చాయ్ తెప్పించాను. ఎనిమిది గీతలు, ఎనిమిదీ పచ్చగా, నున్నగా. రెండు గంటలు గడిచాయి.

అక్క గది ఆ చివర, ఎనిమిదో కుర్చీ దగ్గర, కొత్త పేషెంటుకు సూది వేస్తోంది. కొత్త చెయ్యి, రక్తనాళం దొరకడం లేదు. ఆవిడ రెండు చేతులూ అక్కడే ఇరుక్కున్నాయి. కానీ తల మాత్రం పక్షి తలలా తిరుగుతూనే ఉంది.

“నాలుగుకు ఆ” అంది, మామూలుగా.

అప్పటికి వారం కిందటే చేరిన టెక్నీషియన్, ఇప్పుడు నా పాదం నొక్కిన ఈ పిల్లే, పలకలాంటి యంత్రం తీసుకుని ‘ఆ’ బటన్ నొక్కింది. తెర మీద పచ్చ పళ్లెం వచ్చింది. “చూశారా, ఎంత తేలికో” అన్నాను డాక్టరుగారితో. ఆయన ఫోన్ మోగితే మాట్లాడుతూ వరండాలోకి వెళ్లారు.

కాసేపటికి మళ్లీ, “నాలుగుకు ఇంకో ఆ.” ఈసారి గొంతు కొంచెం బిగిసింది. రెండో పళ్లెం.

“తెర మీద ఎట్లుంది నాలుగు?” అని అరిచింది అక్క. ఆవిడ నిలబడిన చోటి నుంచి తెర కనబడదు.

నేను చాయ్ గ్లాసు ఎత్తి చెప్పాను. “బ్రహ్మాండం అమ్మా! పచ్చగా ఉంది. రెండుసార్లు తిన్నాడు కూడా!”



“తిన్నడా? ఎవడు పెట్టిండు?”

“మీరేగా అమ్మా చెప్పారు, ఆ అని... ఆహారం...”

“మేము ఆహారం అంటమా సారూ!” ఆ కేక నా చెవుల్లో ఇంకా ఉంది. “తింటే ‘తి’ రాస్త! ‘ఆ’ అంటే ఆవలింత! మనిషి ఆవలిస్తుండు, మాట బంద్ వెట్టిండు, చూడుండ్రి!”

చూశాను. ఐదు అడుగుల దూరంలో ఉన్న నా స్నేహితుణ్ణి రెండు గంటల్లో మొదటిసారి చూశాను. నలభై ఏళ్లలో మొదటిసారి ఆయన నోరు తెరుచుకుని ఉంది, మాట లేదు. పెదాలు బూడిద రంగు. నుదుటి మీద చెమట. తెర మీద ఆయన గీత, పట్టుచీర అంచులా, పచ్చగా.

అక్క సూది వదలలేదు. వదిలితే అక్కడ ఇంకొక ప్రాణం మీదికి వస్తుంది. అక్కడి నుంచే మాటలు విసిరింది. “కుర్చీ పండవెట్టు! కాళ్లు లేపు! నీళ్లు గుంజుడు ఆపు, ఫస్టు గదాపు! సెలైన్ ఇడువు! చేతులు వణకనీయకు బిడ్డా, నేనున్న గద! సారూ, చాయ్ కింద వెట్టి భాయ్ చెంపలు తట్టుండ్రి, పేరు వెట్టి పిలువుండ్రి!”

నేను పిలిచాను. పలకలేదు. చెంప చల్లగా ఉంది. మళ్లీ పిలిచాను. చివరి బీపీ ఎనభై నాలుగు. అది మిషన్‌కు తెలుసు. దాని ముందుది నూట పదహారు, ఆ ముందుది నూట ముప్ఫయి ఎనిమిది. మూడూ కలిపి సగటు కట్టి నా తెర నూట పన్నెండు దగ్గర అందమైన వంపు తిప్పింది.

ఆ క్షణంలో నేను చొరవ తీసుకుని సెలైన్ గొట్టం విప్పి భాయ్ ప్రాణం కాపాడానని మా బంధువుల్లో చాలామంది నమ్ముతారు. వాళ్లకు చెప్పింది నేనే. నేను చేసింది చాయ్ ఒలకబోసుకోవడం. గొట్టం విప్పింది ఈ పిల్ల.

ఎంతసేపో తెలియదు. భాయ్ కనురెప్పలు కదిలాయి. “క్యా హువా అక్కా? నీంద్ ఆగయీ థీ క్యా?” అన్నాడు, కునుకు పట్టిందనుకుని.

అక్క ఎనిమిదో కుర్చీ నుంచి అప్పుడే చేతులు విడిపించుకుని వచ్చింది. పాదం బయటికి లాగి అరికాలు నొక్కి చూసి, రక్తం మళ్లీ పారుతోందని ఊపిరి వదిలింది. “ఏం గాలే భాయ్. గీ సారు నీకు రెండు పళ్లాలు తినవెట్టిండు.”

“క్యా ఖిలాయే సాబ్?” అన్నాడు భాయ్ నీరసంగా నా వంక చూసి. “బిర్యానీ తో నహీఁ? అక్క మారేగీ.” బిర్యానీ అయితే అక్క కొడుతుందని ఆయన భయం.

నేను మెట్ల మీదకు వెళ్లి కూర్చున్నాను.

ఇక ఆవిడ మొహం చూడలేననుకున్నాను. మర్నాడు ఆవిడే ఫోన్ చేసింది. “రాండ్రి సారూ, పనున్నది.” వెళ్లేసరికి నా తెర మీద దుప్పటి కప్పి ఉంది, శవం మీద కప్పినట్టు. గది మధ్యలో స్టూలు. “కూసోండ్రి. గీ షిఫ్టు అయ్యేదాంక లేవొద్దు. ఏం కనవడుతదో నాకు చెప్పుండ్రి.”

పరీక్ష గదిలో కూర్చున్నట్టు కూర్చున్నాను. గంట గడిచింది. “ఏం కనవడ్డది?”

“అందరూ పడుకున్నారు.”

“మల్ల చూడుండ్రి.”

ఇంకో గంటకు చెప్పాను, మూడో కుర్చీ ముసలమ్మ ఇందాకటి నుంచి దుప్పటి సవరించుకోవడం మానేసిందని. అక్క పోయి చూసి వచ్చి, “గిట్ల” అంది. ఆవిడ నన్ను మెచ్చుకున్న మాట అదొక్కటే. తర్వాత తన కాగితమొకటి నా మోకాళ్ల మీద పెట్టింది. అప్పుడు తెలిసింది. అంకెలు వరస తప్పి రాయడం లేదు. పోయినసారి అదే గంటకు ఉన్న బీపీ కంటే ఎక్కువుంటే గీత మీద, తక్కువుంటే గీత కింద. ఎంత పడితే అంత కిందికి. ఆ చీమల బారే ఆవిడ గ్రాఫు. అందులో నున్నన చేయడానికి ఏమీ లేదు. ఆవిడ వెతికేది ఆ గుంతనే. నేను పూడ్చింది ఆ గుంతనే. ఎడమ మూల మడత నలుగుడు కాదు, ‘గీ మనిషి మీద కన్నుంచు’ అని.

“ముందే చెప్పొచ్చుగా అమ్మా ఇదంతా?” అన్నాను.

“మీరు అడిగింది రంగుల గురించి” అంది. ఎగతాళిగా అనలేదు. అందుకే ఇంకా గుచ్చుకుంది. “నేను గిట్ల రాస్తనని నాకేం ఎర్క? చెయ్యి రాస్తది. మీరు పక్కన కూసుంటే గదా ఏది ఎందుకో యాదికొచ్చేది.”

అలా పక్కన కూర్చున్నాను. ఈసారి నిజంగానే మూడు నెలలు. లెక్క సరిచూసుకోవచ్చు. రంపం పళ్లు తిరిగి వచ్చాయి. పోయినసారి గీత బూడిద రంగులో కింద పడుకుంది. అంకెలు వచ్చాయి. మిషన్లకు గొంతు వచ్చింది. పళ్లెం పోయి ‘ఆ’ మిగిలింది. కాగితమూ మిగిలింది, ఆవిడ పట్టుబట్టింది.

డాక్టరుగారు రెండో సెంటరు తెరిచిన రోజు నాకు శాలువా కప్పారు. మైకు చేతికిస్తే మనిషి ఆగుతాడా? ఆవులింతకూ బీపీకీ ఉన్న సంబంధాన్ని సుదీర్ఘ పరిశీలన ద్వారా నేను గ్రహించానని చెప్పాను. చప్పట్లు. చివరి వరసలో అక్క కూర్చుని ఉంది. చప్పట్లు ఆగాక, నా కళ్లలోకి చూస్తూ, తీరిగ్గా, దవడలు విరిగేలా ఒక ఆవులింత ఆవులించింది. నాకు అరికాళ్లు చల్లబడ్డాయి. శాలువా మడిచి సంచిలో పెట్టుకున్నాను. అదొక్కటే, ఆవిడ నాకు వేసిన శిక్ష. ఎవరికీ చెప్పలేదు. నేనూ సరిదిద్దలేదు. ఇదిగో, ఇవాళ సరిదిద్దుతున్నాను.

రెండేళ్ల కిందట నా కిడ్నీలు మూలపడ్డాయి. భాయ్ కిటికీ పక్క కుర్చీకి మారి నాలుగోది నాకిచ్చాడు. మొదటి రోజు సూది వేస్తూ అక్క, “ఇప్పుడు తెలుస్తది సారూ మీకు, ఏం అవసరమో” అంది.

మళ్లీ మొన్నటి మంగళవారానికి వస్తాను. ఒకటి ఒప్పుకోవాలి. ఆ ఆవులింత దొంగది. ఆవిడ పోయాక ఆ కన్ను గదిలో మిగిలిందో లేదో చూద్దామని ఆవులించాను. కాదు, అదీ గొప్పే. అరికాలు మీద ఆ బొటనవేలు ఇంకొక్కసారి తగలాలనిపించింది.

నాలుగు గంటలూ అయ్యాక కాగితం చూపించమన్నాను. రెండున్నర గంట దగ్గర ఒంటి అక్షరం. ‘అ’.

“దీర్ఘం మర్చిపోయావమ్మా” అన్నాను, గుంటూరు వాణ్ణి కదా.

“మర్చిపోలే బాపూ. దీర్ఘముంటే ఆవలింత. లేకుంటే అబద్ధం. అక్క పెట్టిన గుర్తే.”

“అబద్ధమా? ఎవరి కోసం పెట్టింది?”

ఆ పిల్ల నవ్వు ఆపుకుంటూ దూది నొక్కింది. “మీరు గీ కుర్చీలకు వచ్చినంక పెట్టింది.”

“మరి తెర మీద లేదే ఆ గుర్తు?”

“అక్క ఒద్దన్నది. సారుకు తెలిస్తే దానికి గూడ పళ్లెం బొమ్మ గీస్తడన్నది.”

నవ్వబోయాను. అప్పుడు చూశాను. కాగితం ఎడమ మూల మడిచి ఉంది.

“ఆవులింత అబద్ధమని తెలిశాక మూల ఎందుకు మడిచావమ్మా?”

ఆమె చెయ్యి నా పాదం మీదికి వెళ్లింది. బొటనవేలు అరికాలు నొక్కింది, ఈసారి ఎక్కువసేపు.

“ఆవలింత అబద్ధమే బాపూ. గని పొద్దటి సంది మీరు గప్పాలు ఒక్కటి గూడ కొట్టలే. అందుకే మల్లొచ్చి నీళ్లు గుంజుడు తగ్గించిన.”